కర్నూలు నుంచి కడప దాకా, నన్నారి వాసన పట్టుకుని

మొదటి రోజు: కర్నూలు

పొద్దున బస్సు దిగగానే కొండారెడ్డి బురుజు చూసేయాలి. ఎండ ముదిరాక ఆ రాళ్ల పక్కన నిలబడలేం. పదకొండుకల్లా షర్బత్ బండ్ల చుట్టూ జనం చేరతారు. ఈ ప్రయాణంలో అసలు పని అక్కడే మొదలవుతుంది. నన్నారి అనే వాసన వేరు పాకంలో నిమ్మరసం, సోడా కలిపి చేసేదే నన్నారి సోడా. సీమ వేసవికి అది ఉన్నట్టు మరో పానీయం లేదు. దానికి ఇప్పుడు కొత్త పోకడలు చాలా వచ్చాయి. చీనీ (బత్తాయి) రసం కలిపేవాళ్లున్నారు, అల్లం దంచి వేసేవాళ్లున్నారు, రమ్ము కలిపేవాళ్లూ ఉన్నారు. వాటిలో ఏది నిలుస్తుంది, ఏది పాడు చేస్తుంది అన్నది తెలియాలంటే ముందు పాత గ్లాసు ఎలా ఉండాలో నాలుకకి తెలియాలి. అందుకే మొదటి రోజు పాతదే తాగాలి.

బండి దగ్గర నిలబడి కలిపే చేతిని గమనించండి. గ్లాసు 300 మిల్లీలీటర్లది. అడుగున 30 మిల్లీలీటర్ల నన్నారి పాకం. దాని మీద అర నిమ్మచెక్క, అంటే పది పన్నెండు మిల్లీలీటర్ల రసం. ఉప్పు అడిగితే ఒక చిటికె. ఇక్కడే మంచి చేతికీ తొందర చేతికీ తేడా బయటపడుతుంది. ఉప్పును నిమ్మరసంలో ముందే కరగనివ్వాలి. సోడా పోసిన తర్వాత ఉప్పు చల్లితే ప్రతి రవ్వ చుట్టూ గ్యాసు బుడగ కట్టి ఒక్కసారిగా పొంగుతుంది. గ్లాసు అంచు దాటి సగం సోడా బండి మీదే పోతుంది. మిగిలింది చప్పగా ఉంటుంది. ఉప్పు కరిగాక నానిన సబ్జా ఒక చెంచా, తర్వాత ఐసు, అన్నిటికంటే చివర సోడా. అది కూడా గ్లాసును కొంచెం వంచి, గోడ మీదుగా జారేలా పోయాలి. చెంచా ఒక్కసారి అడుగు నుంచి పైకి లేపితే చాలు. గిలకొడితే గ్యాసు పోతుంది.

సోడా గోలీ సీసాది దొరికితే అదే అడగండి. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసు ఒత్తిడే గోలీని మెడలోని రబ్బరు వాచరుకి అదిమి పెడుతుంది, వేరే మూత అక్కర్లేదు. బండివాడు చెక్క మీటతో గోలీని లోపలికి నొక్కుతాడు. కీచుమని ఒక శబ్దం, ఆ వెంటే మెడలోంచి తెల్లటి పొగలా ఆవిరి, గోలీ జారి సీసా నొక్కుల మధ్య కూర్చుంటుంది. శబ్దం నీరసంగా వచ్చిందంటే రబ్బరు అరిగి గ్యాసు తగ్గిందని అర్థం. వెచ్చటి సీసా అయితే నొక్కగానే నురగంతా బయటికి తన్నుకొస్తుంది. నీళ్లు చల్లగా ఉంటేనే గ్యాసు వాటిలో నిలుస్తుంది. ఐసు పెట్టెలో పడుకోబెట్టిన సీసానే తీయమనండి. ఎండలో వరసగా పేర్చినవి చూడటానికి బాగుంటాయి, తాగటానికి కాదు.

తీపి సంగతి ముందే చెప్పాలి. "అన్నా, నన్నారి కొంచెం తగ్గించి నిమ్మకాయ బాగా పిండు" అంటే ఏ బండివాడూ ఏమీ అనుకోడు. చిక్కటి పాకం 30 మిల్లీలీటర్లలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. ఎండలో తిరుగుతూ రోజుకు నాలుగు గ్లాసులు తాగితే వంద గ్రాములు దాటినట్టే. 20 మిల్లీలీటర్లతో కలిపించుకుంటే వాసన ఏమీ తగ్గదు, పాకం మంచిదైతే.

పాకం మంచిదా కాదా అన్నదే ఇందులో అసలు చిక్కు. నల్లగా ఉంటే అసలైనదని చాలామంది నమ్ముతారు. ఆ నలుపు చాలాసార్లు మాడ్చిన చక్కెర రంగు. వేరు నుంచి వచ్చిన పాకం ఎర్రటి తేనె రంగులో, కాస్త మసకగా ఉంటుంది. ఎసెన్సు పాకం వాసన ముక్కు దగ్గరే గుప్పుమని, సోడా పోయగానే మాయమవుతుంది. వేరు పాకం ముక్కు దగ్గర మెత్తగా ఉండి, మింగాక గొంతులో తేలుతుంది, చివర చిన్న వగరు మిగులుతుంది. సీసా కొనేటప్పుడు చీటీ చదవండి. కృత్రిమ సువాసన కలిపితే ఆ మాట చీటీ మీద ఉండి తీరాలి. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లోనూ నన్నారి సీసాలు దొరుకుతాయి.

సాయంత్రం తుంగభద్ర గట్టు మీద గాలి తిరుగుతుంది. అక్కడికి వెళ్లే ముందు మూలికల అంగడికి వెళ్లి 50 గ్రాముల ఎండు వేర్లు కొని పెట్టుకోవాలి. రెండో రాత్రికి వాటితో పని ఉంది. నన్నారి పేరుతో రెండు రకాల వేర్లు అమ్ముతారు. సుగంధిపాల వేరు సన్నగా, పెన్సిలు కంటే పలుచగా, వంకరలు తిరిగి ఉంటుంది. ముదురు గోధుమ రంగు తొక్క మీద అడ్డంగా పగుళ్లు కనిపిస్తాయి. మారేడు గడ్డ అలా కాదు, బొటనవేలంత లావు, కండ ఉన్న గడ్డ. ఈ మారేడు ఒక తీగ, బిల్వ పత్రి ఇచ్చే మారేడు చెట్టు వేరు. ఊరగాయ పెట్టేది ఈ గడ్డనే. మొక్కలు వేరైనా రెండింటి వాసనా ఒకే పదార్థానిది. అది వెనిలాలోని వెనిలిన్‌కు రసాయనంగా తోబుట్టువు లాంటిది, అణువులో అవే పరమాణువులు, అమరిక మాత్రం వేరు. ఈ సంగతి మూడో రోజు సాయంత్రం అక్కరకొస్తుంది.

వేరు కొనేటప్పుడు ఒక ముక్క విరవండి. పుట్టుక్కున విరగాలి. వంగితే తడి ఉంది, సంచిలో బూజు పడుతుంది. విరిచిన చోట తొక్కను గోటితో గీరి వాసన చూడాలి. వాసనంతా తొక్కలోనే ఉంటుంది, నడిమి పుల్లలో ఉండేది చాలా తక్కువ. తొక్క రాలిపోయి తెల్లగా పుల్లలు తేలిన వేర్లు సగం ధరకిచ్చినా దండగే.

రెండో రోజు: అనంతపురం

కర్నూలు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్, గుత్తి మీదుగా అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయల్దేరితే గుత్తి కోట ఎక్కి దిగినా ఎండ ముదరకముందే ఊళ్లో ఉండొచ్చు. కోటకు మెట్లు ఎక్కువ, మనిషికి లీటరు నీళ్లు తప్పనిసరి.

అనంతపురంలో చూడాల్సింది చీనీకాయ. కోస్తావాళ్లు బత్తాయి అనేది ఇక్కడ చీనీ. వానలు తక్కువ పడే ఈ నేల మీద బోర్ల నీళ్లతో పెంచిన తోటలవి. నన్నారికి వచ్చిన కొత్త పోకడల్లో అన్నిటికంటే పొందికైనది చీనీతోనే కుదురుతుంది. కారణం తేలిక. నిమ్మకాయ పులుపు పదునైనది, వేరు వాసనని తోసేస్తుంది. అందుకే బండి గ్లాసులో పాకం అంత ఎక్కువ పోయాల్సి వస్తుంది. చీనీలో పులుపు తక్కువ, తీపి దాని సొంతం. దాంతో పాకం 20 మిల్లీలీటర్లకు దించినా నన్నారి ముందుకొస్తుంది.

కొలతలు ఇవి. చీనీ రసం 90 మిల్లీలీటర్లు, నన్నారి పాకం 20, నిమ్మరసం ఒక చెంచా, నల్ల ఉప్పు చిటికెలో సగం, చల్లటి సోడా 100, గ్లాసు నిండా ఐసు. పచ్చిమిర్చి ఇష్టమైతే సగం కాయ నిలువునా చీల్చి, గింజలు తీసి, పాకంలో ఒక నిమిషం ఉంచి తీసేయాలి. గ్లాసులో వదిలేస్తే నాలుగో గుక్కకి కారం తప్ప ఏదీ తెలియదు.

ఈ గ్లాసు చెడిందంటే చాలాసార్లు చీనీ రసం దగ్గరే చెడుతుంది. పిండగానే తియ్యగా ఉన్న రసం అరగంట, గంట గడిచేసరికి చేదెక్కుతుంది. కాయలో చేదు లేని రూపంలో ఉన్న పదార్థం, పిండాక రసంలోని పులుపు తగిలి నెమ్మదిగా లిమొనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. అది ఎక్కువగా ఉండేది తెల్ల పొరలోనూ గింజల్లోనూ. మిషనులో కాయంతా గట్టిగా నలిపితే ఆ చేదు ఇంకా త్వరగా వస్తుంది. కాయని అడ్డంగా కోసి, చేత్తో తిప్పే పిండుడు గిన్నె మీద మెత్తగా పిండాలి. చివరి చుక్క కోసం తొక్క తెల్లబడే దాకా నొక్కకూడదు. వెంటనే జాలీలో వడకట్టాలి. తొనల పీచు మిగిలితే దాని మీద కూడా సోడా పొంగుతుంది. ముందే పిండి జగ్గులో పెట్టుకున్న రసంతో కలిపే చోట ఈ గ్లాసు తాగకండి. మీ ముందు కోయమని అడగండి.

కాయ ఎంచుకోవటానికి రంగు చూడక్కర్లేదు. పచ్చగా ఉన్న చీనీ కూడా పండినదే కావచ్చు. చేతిలో బరువు తూగాలి, తొక్క పలుచగా నున్నగా ఉండాలి. గరుకు తొక్క, తేలిక బరువు ఉన్నదాంట్లో పొరే ఎక్కువ. మంచి కాయ ఒకటి గ్లాసుకు సరిపోతుంది.

ఇంకొక చిన్న విషయం. బోరు నీళ్లు ఉప్పగా, చవుడుగా ఉండే చోట సోడా బదులు నీళ్లతో కలిపితే షర్బత్ చప్పబడుతుంది. ఆ నీళ్లలోని క్షారం నిమ్మ పులుపును విరిచేస్తుంది. పిండినంత పులుపు తేలదు. అప్పుడు నీళ్లు మార్చాలి, నిమ్మకాయలు పెంచి లాభం లేదు.

సబ్జా గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే చీనీ గ్లాసులో సబ్జా వద్దు. పీచు తీసిన నున్నటి రసంలో అది అడ్డుపడుతుంది. పాత గ్లాసుకు మాత్రం అదే అందం. ఒక చెంచా గింజలకు అర గ్లాసు నీళ్లు, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. గింజ చుట్టూ బూడిద రంగు జిగురు ఉబ్బి నడుమ నల్లచుక్క కనిపించాలి. పాకంలో నేరుగా వేస్తే నానదు, చక్కెర నీటిని పట్టుకుని గింజకి వదలదు. పుదీనా, వేయించిన జీలకర్ర కలిపి ఇచ్చే గ్లాసులు కూడా కనిపిస్తాయి. రెండూ నన్నారిని మింగేస్తాయి. వాటిని మజ్జిగకు, ఉత్త నిమ్మ సోడాకు ఉంచుకోవటం మేలు.

రాత్రి బసలో చేయాల్సిన పని ఒకటుంది. కర్నూలులో కొన్న 50 గ్రాముల వేర్లను దుమ్ము పోయేలా చన్నీళ్లతో ఒక్కసారి కడిగి, గట్టి గుడ్డలో చుట్టి రాయితో దంచండి. పొడి కానక్కర్లేదు, తొక్క చితికి పుల్ల నుంచి ఊడితే చాలు. పుల్లలు ఏరి పారేయండి. అర లీటరు స్టీలు ఫ్లాస్కులో ఆ తొక్కలు వేసి, మరిగాక నాలుగైదు నిమిషాలు ఆరనిచ్చిన నీళ్లు నిండా పోసి మూత బిగించండి. తెల్లారేదాకా కదపొద్దు. నన్నారి వాసన ఆవిరితో పాటు లేచిపోయే రకం. మూత లేని గిన్నెలో సగానికి మరగబెట్టినప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది కదా, ఆ ఘుమఘుమంతా గ్లాసులో ఉండాల్సింది. గిన్నెలో మిగిలేది రంగూ వగరే. ఫ్లాస్కులో ఆవిరికి దారి లేదు. మెత్తటి వేడి రాత్రంతా పనిచేస్తుంది.

మూడో రోజు: కడప

ఫ్లాస్కు తెరిచి వడకట్టి, ఆ నీళ్లు సీసాలో పోసి ఐసు డబ్బాలో పెట్టండి. ఇందులో చక్కెర లేదు కాబట్టి ఆ రోజే వాడేయాలి. అనంతపురం నుంచి తాడిపత్రి సుమారు 55 కిలోమీటర్లు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్లో చింతల వెంకటరమణ ఆలయం, రెండూ విజయనగర కాలపువే. బుగ్గ అంటే ఊట. ఎండలో ఆ రాతి చెక్కడాల మధ్య ఒక గంట గడిపి, ముద్దనూరు మీదుగా కడప చేరొచ్చు.

కడపకి దగ్గర్లోనే పాలకొండలు, ఆ వెనక శేషాచలం కొండలు. మారేడు తీగ పుట్టే చోట్లు ఇవే. శేషాచలాన్ని 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఈ తీగ దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగదు. గడ్డ కోసం తవ్వితే తీగ మొత్తం పోతుంది, తిరిగి మొలవటం కష్టం. ఇప్పుడది అంతరించే ముప్పున్న మొక్కల్లో ఒకటి. నన్నారి తాగొద్దని దీని అర్థం కాదు. వంద గ్రాముల వేరుతో వచ్చే వాసనను మూత లేకుండా మరగబెట్టి పోగొట్టుకుని, రెండు వందల గ్రాములు వేసి పూడ్చటం తప్పు. దారి పక్కన పచ్చి గడ్డలు కుప్పలుగా అమ్మేవాళ్ల దగ్గర బేరమాడి కిలోలు కొనుక్కోవటం కూడా మంచి పని కాదు.

ఇంటికి వెళ్లాక పాకం కాచుకునే పద్ధతి ఇది. వంద గ్రాముల ఎండు వేర్ల తొక్కని ఫ్లాస్కు పద్ధతిలోనే, అర లీటరు నీళ్లతో రాత్రంతా ఊరబెట్టాలి. గుడ్డలో వేసి పిండితే 250 నుంచి 300 మిల్లీలీటర్ల చిక్కటి నీళ్లు దిగుతాయి. వేరే అడుగు మందం గిన్నెలో కిలో చక్కెర, 250 మిల్లీలీటర్ల నీళ్లు, రెండు గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వేసి, చక్కెర కరిగాక సన్నటి సెగ మీద మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. నిమ్మ ఉప్పు పులుపుకు చక్కెరలో కొంత భాగం విడిపోతుంది. అందువల్ల పాకం తర్వాత గడ్డకట్టదు. దించి, గిన్నె అంచు చేత్తో తాకగలిగేంత వేడికి ఆరాక వేరు నీళ్లు కలపాలి. పొయ్యి మీద ఉండగా కలపొద్దు, రాత్రంతా దాచిన వాసన రెండు నిమిషాల్లో పోతుంది.

లీటరు పైన పాకం వస్తుంది. 30 మిల్లీలీటర్ల చొప్పున ముప్పై ఐదు గ్లాసులకు తక్కువ కాదు. చక్కెర కిలోకి, మొత్తం నీళ్లు అర లీటరుకి ఉంటే మూడింట రెండొంతులు చక్కెర అవుతుంది. ఆ చిక్కదనంలో బూజు, పులియబెట్టే ఈస్టు సులువుగా పెరగలేవు. తీపి తగ్గిద్దామని అరకిలో చక్కెరతో చేస్తే వారం లోపే మూత తీసినప్పుడు టప్పుమంటుంది, పుల్లటి వాసన వస్తుంది. తీపి తగ్గించాల్సింది గ్లాసులో, సీసాలో కాదు. తడి చెంచా ముంచినా అదే గతి. సీసాని వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఎండలో ఆరబెట్టాకే పాకం పోయాలి.

సాయంత్రం గ్లాసు పెద్దవాళ్లది. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనటానికి 21 ఏళ్లు నిండాలి. వాహనం నడిపేవాళ్లకి ఇది కాదు. పీపాలో ఊరిన డార్క్ రమ్ముకి ఓక్ చెక్క నుంచి వెనిలిన్ వస్తుంది. నన్నారి వాసన దానికి తోబుట్టువని కర్నూలులో చెప్పుకున్నాం. అందుకే ఈ రెండూ ఒకదాన్నొకటి తొక్కేయవు, ఒకే వాసన రెండు అంతస్తుల్లో వస్తున్నట్టుంటుంది. గ్లాసు అడుగున రెండు బిళ్లల అల్లం నలిపి, 20 మిల్లీలీటర్ల పాకం, 10 నిమ్మరసం, 45 రమ్ము పోసి బాగా కలపాలి. గ్లాసు నిండా పెద్ద ఐసు ముక్కలు వేయాలి. చితక్కొట్టిన ఐసు అయితే రెండు నిమిషాల్లో నీళ్లవుతుంది. ఐసు డబ్బాలోని వేరు నీళ్లు 30 మిల్లీలీటర్లు, చివర సోడా 70. ఈ వేరు నీళ్లే గ్లాసు ప్రాణం. ఉత్త పాకంతో చేస్తే తీపి ముందుంటుంది. ఇవి పడితే తీపి పెరగకుండా వాసన పెరుగుతుంది. అల్లం రెండు బిళ్లలు దాటితే మళ్లీ నన్నారి వెనక్కి పోతుంది. పొగ వాసన ఉన్న విస్కీతో కలిపితే పొగ, వేరు కలిసి మందుల సీసా వాసన వస్తుంది, వద్దు.

ఈతకల్లుతో కలిపేవాళ్లూ ఉన్నారు. పొద్దున దించిన తియ్యటి కల్లు 200 మిల్లీలీటర్లకు పాకం 10 చాలు, సోడా అక్కర్లేదు, బుడగ దానిలోనే ఉంది. నిమ్మకాయ పిండొద్దు. కలిపినది అక్కడికక్కడే తాగాలి. సీసాలో పోసి మూత బిగించి కారులో పెట్టుకుంటే కల్లులోని ఈస్టుకి మనం కొత్త చక్కెర అందించినట్టే, మధ్యాహ్నానికి సీసా పగలొచ్చు.

మద్యం ముట్టనివాళ్లకి, రంజాను ఇఫ్తార్ పూటకి పాల నన్నారి ఉంది. ఎనిమిది గంటలు నానిన బాదం బంక రెండు చెంచాలు, కాచి చల్లార్చి ఐసంత చల్లగా చేసిన పాలు 180, పాకం 25. నిమ్మకాయ చుక్క కూడా తగలకూడదు, పాలు విరుగుతాయి. బంక ఎండుగా ఒక చిన్న చెంచాడు తీసుకున్నా గిన్నెడు ఉబ్బుతుంది, తక్కువే నానబెట్టండి.

ఫ్లాస్కులోంచి తీసిన వేరు పిప్పిని పారేయొద్దు. గుడ్డలో మూట కట్టి తాగేనీళ్ల మట్టికుండలో వేస్తే రెండు రోజులు నీళ్లకి లేత వాసన ఉంటుంది. మూడో రోజు పొద్దున మూట తీసేయాలి, లేకపోతే జిగురు పడుతుంది.